మగ సాళ్లకు కాపలా

ఆడబిడ్డ నోటి నుంచి వదిన పొగడ్త రావడం మా ఇళ్లలో అరుదు. నాకు నోరు ఎక్కువని, జములమ్మ వదిన దగ్గర అది మరీ ఎక్కువని మా ఊరందరికీ తెలుసు. రమేష్ అన్నకు పెళ్లయిన కొత్తలో ఆమె కాచిన చారు దగ్గర మొదలుపెట్టి మొన్నమొన్నటి దాకా నేను ఆమెకు వంక పెట్టని పని లేదు. అలాంటి నేనే ఇప్పుడు ఆమె గురించి చెప్పడానికి కూర్చున్నాను. కళ్లారా చూశాను కాబట్టి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

నన్ను వీపనగండ్లకు ఇచ్చారు. పుట్టిల్లు గద్వాల దగ్గర, సీడ్ పత్తి పండించే ఊళ్లో. ఏటా క్రాసింగ్ రోజులు రాగానే నా సంసారాన్ని మా ఆయన మీద వదిలేసి, పెబ్బేరులో బస్సు మారి అన్న ఇంటికి వచ్చేస్తాను. ఆ పనికి ఎన్ని చేతులున్నా చాలవు.

తెలియనివాళ్ల కోసం ఆ పనేమిటో చెబుతాను. సీడ్ పత్తిని దూది కోసం వేయరు, విత్తనం కోసం వేస్తారు. చేను నిండా ఆడ మొక్కలు ఉంటాయి, ఒక పక్కన కొన్ని సాళ్లు మాత్రం మగ మొక్కలు. మరునాడు విచ్చుకోబోయే ఆడ మొగ్గలను సాయంత్రం పూట వెతికి పట్టుకుని, రేకులనూ పుప్పొడినీ గోటితో గిల్లేయాలి. తెల్లారి మగ సాళ్లలో పూలు తెంపుకొచ్చి, గిల్లిన మొగ్గలకు ఆ పుప్పొడి అద్దాలి. అదే క్రాసింగ్. ఎండ ముదిరేలోగా అద్దడం అయిపోవాలి, లేకపోతే పూలు వాడిపోతాయి. అద్దని మొగ్గ రాలిపోతుంది. రెండు నెలల పైన రోజూ ఇదే వరస. మగ సాళ్లు లేకపోతే చేను ఎంత పచ్చగా ఉన్నా విత్తనం రాదు.

ఈ సంగతి మా భీమన్నకు బాగా తెలుసు. అందుకే కిందటి ఏడు అంత పని చేశాడు.

భీమన్న మా చిన్నాయన కొడుకు, రమేష్ అన్నకు తమ్ముడి వరస. ఇద్దరి చేలూ ఆనుకునే ఉంటాయి. ఎండాకాలంలో గట్టు తగాదా వచ్చింది. సర్వేయర్‌ను పిలిచి కొలిపిస్తే, భీమన్న ఏళ్ల తరబడి దున్నుకుంటున్న గట్టు వార నేల అన్నదని తేలింది. భీమన్న అప్పుడేమీ అనలేదు. క్రాసింగ్ మొదలయ్యాక ఒక తెల్లవారుజామున అన్నా వదినా చేనికి పోయి చూస్తే, మగ మొక్కలన్నీ వేళ్లతో సహా పీకేసి కుప్ప పోసి ఉన్నాయి. ఆడ మొక్కను ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. ఎక్కడ కొడితే ప్రాణం పోతుందో ఎరిగినవాడు చేసిన పని అది.

చేసినవాడు ఎవరో తెలుసుకోవడానికి కష్టపడక్కర్లేకపోయింది. భీమన్నే కల్లు కాంపౌండులో నలుగురి ముందు వాగాడు. "గట్టు కొలిపిచ్చుకున్నరు గద, ఇగ ఆ గట్టు మీద కూసోని ఏడ్వనీ" అన్నాడట. పెద్దమనుషులు కూర్చోబెట్టి అడిగితే మాత్రం "తాగి ఏదో అన్న, నాకేం తెల్వదు" అన్నాడు. కళ్లతో చూసినవాళ్లు లేరు. పంచాయితీ అక్కడితో చల్లారిపోయింది.

మొక్కలు పీకేసిన రోజు సాయంత్రం నేను చేలోనే ఉన్నాను. పొద్దున్నే మగ మొక్కలు పోయాయా, సాయంత్రం వదిన ఎప్పటిలాగే కొంగు నడుముకు చుట్టి, సాళ్లలో దిగి మొగ్గలు గిల్లడం మొదలుపెట్టింది. నాకు మతి పోయింది.

"వదినా, రేపు అద్దనీకి పూలే లేవు. అవి రాలిపోయేటియే గద, ఎందుకు గిల్లుతున్నవ్?"

"చేతులు ఊకుంటలేవు భాగ్యా," అంది. ముఖం ఎత్తలేదు. నేను కూడా ఆమె పక్కన నిలబడి చీకటి పడేదాకా ఆ పనికిరాని మొగ్గలను గిల్లాను. ఆమె మీద నాకున్న కోపాలన్నీ ఆ కాసేపు ఎక్కడికో పోయాయి. మళ్లీ వచ్చాయనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఏడు అన్న ట్రాక్టర్ నడపడానికి కూలికి పోయాడు. వదిన ఊళ్లోవాళ్ల చేలల్లో మొగ్గలు గిల్లింది. ఆమెను ఇప్పుడు దేవతను చేసి చెప్పేది లేదు. భీమన్న ఎదురుపడితే గుప్పెడు మన్ను తీసి అతని అడుగుల మీద చల్లేది. అతని గొంతు వినబడితే తినే కంచం ముందు నుంచి లేచిపోయేది. దసరాకు నేను వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని ప్రమాణం చేసినట్టు చెప్పింది.

"వచ్చే ఏడు వాని సాళ్లు నేనే పీకుత. వాని లెక్క చీకట్ల గాదు, పట్టపగలే పీకుత."

"నేను గూడ వస్త వదినా" అన్నాను. ఆమె మా ఇంటి కోడలిగా వచ్చిన తర్వాత ఆమె మాటకు నేను సై అనడం అదే మొదటిసారి.

ఈ ఏడు మళ్లీ విత్తనం వేశారు. సీడ్ పత్తికి కంపెనీ తరఫున ఆర్గనైజర్లు ఉంటారు. వాళ్లు ఒక్కొక్కరు ఒక్కో రకం ఇస్తారు. ఒక రకం మగ పువ్వును ఇంకో రకం ఆడ మొగ్గకు అద్దితే ఆ విత్తనం పరీక్షలో తప్పుతుంది, చేసిన కష్టమంతా బూడిదే. అన్నకూ భీమన్నకూ ఒక్క ఆర్గనైజరే, ఒక్కటే రకం. ఊళ్లో ఆ రకం వేసిన మూడో మనిషి లేడు.

దెబ్బ తిన్నవాడు కాబట్టి అన్న ఈసారి మగ మొక్కలను రెండు చోట్ల వేశాడు. ఒక చోటివి పోయినా ఇంకో చోటివి ఉంటాయని. వదిన సద్ది మూట అక్కడే విప్పుకుని, వాటికి ఎదురుగా కూర్చుని తినేది. గాలికి ఆకు కదిలినా లేచి చూసేది.

దెబ్బ కొట్టినవాడి సంగతి ఇంకా కనాకష్టం. మేము ఎప్పుడో ఒకప్పుడు పగ తీర్చుకుంటామని భీమన్నకు ఖాయంగా తెలుసు. అందుకని తన మగ సాళ్లను చేను మధ్యలో వేయక, అందరి కళ్లకూ దూరంగా వాగు వైపు పల్లంలో వేశాడు. చుట్టూ జొన్న వేసి దాచాడు. అక్కడే మంచం వేసుకుని, టార్చిలైటు పట్టుకుని పడుకునేవాడు. మా ఊళ్లో ఆ రెండు చేల మగ సాళ్లకు జరిగినంత కాపలా పెళ్లికూతుళ్లకు కూడా జరిగి ఉండదు.

పల్లంలో పత్తి వేయకూడదని మా దగ్గర నడక నేర్చిన ప్రతివాడికీ తెలుసు. భీమన్నకూ తెలుసు. భయం అతని చేత వేయించింది.

శ్రావణంలో ముసురు పట్టింది. పట్టింది పట్టినట్టే ఉండిపోయింది. మెరక మీది చేలు తట్టుకున్నాయి. భీమన్న పల్లం మాత్రం జాలు పట్టి, నీళ్లు పోయే దారి లేక మగ మొక్కల వేళ్లు కుళ్లిపోయాయి. ముసురు తగ్గి ఎండ కాయగానే నిలువునా వాడిపోయాయి. అటు ఆడ మొక్కలు మొగ్గల మీద ఉన్నాయి. అద్దడానికి ఒక్క మగ పువ్వు లేదు.

కబురు వినగానే నేను నవ్విన నవ్వుకు అన్న ఇంటి ముందు కోళ్లు చెదిరిపోయాయి. "చూసినవా వదినా, మనం చెయ్యి గూడ పెట్టలె. దేవుడే పీకిండు!" అన్నాను. వదిన చెప్పులు వేసుకుని చూద్దాం పద అంది. నాకు ఇంకేం కావాలి? ఎగురుకుంటూ వెంట పోయాను.

గట్టు మీద నిలబడి చూశాం. భీమన్న మోకాలి లోతు బురదలో పారతో కాల్వ తీస్తున్నాడు. చచ్చిన మొక్కలకు కాల్వ తీసి ఏం లాభం? అయినా తీస్తున్నాడు. మేము చూస్తున్నామని తెలిసి కూడా తల ఎత్తలేదు. నేను నాలుగు మాటలు విసరడానికి గొంతు సవరించుకున్నాను. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె భీమన్నను చూడడం లేదు. పైనున్న ఆడ సాళ్ల వైపు చూస్తోంది.

అక్కడ భీమన్న పెళ్లాం శాంతమ్మ ఒక్కతే మొగ్గలు గిల్లుతోంది. కూలివాళ్లు లేరు. అద్దే పూలు లేవని తెలిసి వాళ్లు వేరే చేలకు పోయారు. ఈమె ఒక్కో మొగ్గనూ వెతికి, రేకులు తీసి, పుప్పొడి గిల్లి, పక్క కొమ్మకు పోతోంది. ఏడుస్తోందో లేదో అంత దూరం నుంచి తెలియలేదు.

"రాలిపోయే మొగ్గలను గిల్లుతుంది" అంది వదిన.

ఇంటికి వచ్చాక అన్నకు అన్నం పెట్టి, అతను తింటుండగా చెప్పింది. "రేపటి సంది మన మగ పూలు భీమన్నకు ఇస్త. రెండో తావుల ఉన్నయి మనకు మిగిలిపోతున్నయి గద."

అన్న చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. ఆమెకు జ్వరం గానీ వచ్చిందా అన్నట్టు చూశాడు. తర్వాత అరిచాడు. "వానికా? మన నోట్ల మన్ను గొట్టినోనికా? రాలిపోనీ. కుళ్లిపోనీ. మన పూలు కిందవడి ఎండిపోవాలె గాని వాని చేన్ల పడొద్దు."

"గదే అంటున్న అన్నా, జర గట్టిగ చెప్పు" అన్నాను నేను.

వదిన నా వైపు తిరగలేదు. అన్నతోనే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"వాడు మన మొక్కలు పీకింది ఒక్క రాత్రి. గంతే. కానీ ఏడాది సంది నాకు కండ్లు మూసినా వాడే, తెరిసినా వాడే. పిల్లలు ముంగట కూసున్నా వాని ముఖమే కండ్ల ముంగట తిరుగుతుంది. బువ్వ తినేటప్పుడు గూడ సాళ్ల దిక్కు చూస్కుంట తింటున్న. ఇయ్యాల వాని పంట పోవాల్నని మస్తు కోరుకున్న, పోయింది. సంబురమైతదేమో అని చూసిన. కాలె. శాంతమ్మను చూసినంక నన్ను నేనే చూసినట్టయింది. రేపు వాడు మల్ల మన సాళ్ల మీద పడతడు, మనం వాని సాళ్ల మీద పడతం. నేను సేద్యం చేస్తనా, బతుకంత కావలి గాస్తనా?"

"వాడు వచ్చి అడిగిండా? తప్పయిందన్నడా?"

"అడగలె. అనలె."

"మరి?"

"వాడు అనేదాక కూసుంటే నా బతుకు వాని చేతుల పెట్టినట్టే గద."

అన్న కంచంలో చెయ్యి కడిగేశాడు. "నువ్వు ఆ పూలు ఇయ్యి. ఇస్తే నీ చేతి బువ్వ నేను ముట్ట" అని కండువా భుజాన వేసుకుని బయటికి పోయాడు. వదిన కంచం తీసి, మిగిలిన అన్నం కుక్కకు వేసింది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. అన్న అంటే ఆమెకు భయం లేకపోలేదు, ప్రేమ అంతకంటే ఎక్కువ. ఆ రెండూ ఉండి కూడా నిలబడింది. నేనైతే మా ఆయన అలా లేచిపోతే వెంటబడి, బతిమాలి తీసుకొచ్చేదాన్ని.

పొద్దున్నే గంప నిండా పసుపు పచ్చని పూలు తెంపుకుని వదిన గట్టు దాటింది. నేను వెంట పోయాను. ఒప్పుకుని పోలేదు, తిట్టుకుంటూ పోయాను. భీమన్న ఆమెను ఒక్క మాటన్నా చెప్పు తీసుకుందామని పోయాను.

మమ్మల్ని చూడగానే భీమన్న పార అందుకున్నాడు. కొట్టడానికి వచ్చామనుకున్నాడు పాపం. వదిన గంప అతని ముందు గట్టు మీద పెట్టింది.

"ఒక్కటే రకం. ఎండ పడకముందు అద్దుకోండ్రి. రేపు పొద్దుగాల మల్ల తెచ్చిస్త."

శాంతమ్మ "అక్కా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భీమన్న మాత్రం పూల వైపు, మా వైపు మార్చి మార్చి చూశాడు. ఏడాదిగా భయపడుతున్న మనిషికి మంచి కూడా మోసంలాగే కనబడుతుంది కాబోలు.

"ఇవి ఆ రకమేనా వదినా? వేరే రకం గలిపి తెచ్చినవా? పరీక్షల నా విత్తనం తప్పాల్నని..."

ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. "థూ నీ బతుకు! ఇంట్ల మొగునితోని కొట్లాడి తెచ్చింది నీకు. అనుమానం నీకా? అనుమానపడాల్సింది మేము! దా వదినా, ఈ గంప ఎత్తి వాగుల పారబోద్దాం" అని గంప మీద చెయ్యి వేశాను.

వదిన ముఖంలో కూడా కోపం కదిలింది. నేను చూశాను. పెదవులు బిగిశాయి, మెడ నరం ఉబ్బింది. ఏడాది కిందట పీకేసిన మొక్కల కుప్ప ముందు ఆమె అలాగే నిలబడింది. ఇప్పుడు గంప ఎత్తుకుని వెళ్లిపోయినా లోకంలో ఎవరూ ఆమెను తప్పు పట్టరు. ఇచ్చింది, అవతలివాడే వద్దన్నాడు. ఇంటికి పోతే మొగుడు అన్నం తింటాడు, ఆడబిడ్డ మెచ్చుకుంటుంది.

ఆమె నా చెయ్యిని మెల్లగా గంప మీది నుంచి తీసేసింది.

"నమ్మకం లేకుంటే నా చేన్లకు రా. మగ సాళ్లు ఏడున్నయో నీకు చూపిస్త. నీ చేతులతోని తెంపుకో."

ఆమె ఎవరిని పిలుస్తోంది? ఆ సాళ్లలోకి ఎవరు రాకూడదని ఏడాదిగా కళ్లలో ఒత్తులు వేసుకుని కూర్చుందో, అతన్నే.

భీమన్న పార వదిలేసి వచ్చాడు. గంప ఎత్తుకుని వదిన ముందు, అతను వెనక, ఆ వెనక నేనూ శాంతమ్మా. రెండో చోటున్న మగ సాళ్లు మంచి పూత మీద ఉన్నాయి. గట్టు వరకు వచ్చిన భీమన్న అక్కడే ఆగిపోయాడు. ఒక కాలు ఎత్తి మళ్లీ వెనక్కి పెట్టాడు.

"వదినా, నేను లోపటికి రాలేను."

"ఎందుకు రాలేవు? పోయినేడు వచ్చినవ్ గద" అంది వదిన. "గప్పుడు చీకట్ల వచ్చినవ్. ఇప్పుడు వెలుతుర్ల రా."

భీమన్న అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. అంత మనిషి, మీసాలున్న మనిషి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఎక్కెక్కి ఏడ్చాడు. "నేనే పీకిన వదినా. తాగి గాదు, తెలివి మీదనే పీకిన. నన్ను మాఫ్ చెయ్యి" అన్నాడు. పెద్దమనుషుల ముందు రాని మాట ఒక్క ఆడమనిషి పిలుపుకు వచ్చింది.

మా వదిన కరిగిపోయి అతని తల నిమురుతుందనుకున్నాను. అలాంటిదేమీ చేయలేదు.

"మాఫ్ చేసిన్నో లేదో నాకే తెల్వదు భీమన్నా. చెయ్యకుంటనే చేసిన అని అబద్ధం చెప్ప. గది ఎప్పుడు అయితదో గప్పుడు అయితది. పూలయితే ఇస్త. లే, ఎండ ముదురుతుంది" అంది.

నేను ఎన్నో సభల్లో ఎందరో పెద్దల మాటలు విన్నాను. ఇంత నిజమైన మాట వినలేదు. ఈమెకా నేను చారులో ఉప్పు లేదని పేర్లు పెట్టింది అనిపించి, సిగ్గుతో చచ్చిపోయాను.

భీమన్న కళ్లు తుడుచుకుని సాళ్లలోకి దిగాడు. అదే సమయానికి రమేష్ అన్న వచ్చాడు. రాత్రి నుంచి ఏమీ తినలేదని ముఖమే చెబుతోంది. తన మగ సాళ్లలో భీమన్నను చూసి ఒక్క క్షణం బిగుసుకుపోయాడు. గట్టున పడి ఉన్న కట్టె చేతికి తీసుకున్నాడు. శాంతమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది.

"నేనే రమ్మన్న" అంది వదిన. అడ్డం మాత్రం పోలేదు.

అన్న కట్టె పట్టుకుని నిలబడ్డాడు. భీమన్న భయంతో తడబడుతూ పూలు తెంపుతున్నాడు. తొందరలో చిటికెన వేలంత కొమ్మ ఒకటి పటుక్కున విరిగింది. దాని నిండా రేపటి మొగ్గలు.

"అరే, కొమ్మ ఇరగ్గొడుతున్నవేందిరా! తొడిమె కాడ పట్టి తెంపు. రేపటికి పూలు వద్దా నీకు?" అని అరిచాడు అన్న. ఏడాది తర్వాత తమ్ముడితో అతను మాట్లాడిన మొదటి మాట అది. అరిచాక తనే తెల్లబోయాడు. చేతిలో కట్టెను చూసుకుని, దాన్ని గట్టు మీద వదిలేసి, విసురుగా సాళ్లలో దిగి, "గిట్ల" అంటూ ఒక పువ్వు తెంపి చూపించాడు. "సరే అన్నా" అన్నాడు భీమన్న. ఇద్దరూ ఎడంగా చెరో సాలు పట్టుకున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

వదిన తను తెంపిన పూల గంప చంకన పెట్టుకుంది. "దా భాగ్యా, మన మొగ్గలు మనకున్నయి" అని ఆడ సాళ్ల వైపు నడిచింది. భీమన్న ఇంకా ఆమె మగ మొక్కల నడుమనే ఉన్నాడు. నేను పది అడుగులకోసారి వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.